చివరి పాటలో ‘స’

మా అమ్మ పాడిన పాట ఒకటి గ్రామఫోను రికార్డు మీద ఉంది. ఈ మాట చెబితే నేను నర్సుగా చేసే దవాఖానలో మొదట ఎవరూ నమ్మలేదు. అమ్మ కూలి పని చేసిన మనిషి. ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో పల్లికాయ తెంపి, నాట్లు వేసి, కలుపు తీసి నన్ను చదివించింది. ఆమె బడికి పోయింది రెండేళ్లే. పాట మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పెళ్లికి ముందు, పదిహేడేళ్ల వయసులో, పుట్టింటి ఊరి చర్చిలో పాడే ఆడవాళ్ల గుంపులో అందరికంటే చిన్నది ఆమే.

ఆ రోజుల్లో ఒకసారి పట్నం నుంచి ముగ్గురు మనుషులు పెట్టెల్లో యంత్రాలు తెచ్చారట. చర్చి కిటికీలకు గోనెసంచులు కట్టి, బయట మేకలు అరవకుండా ఒకరిని కాపలా పెట్టి, రెండు రోజులు వీళ్ల పాటలు రికార్డు చేసుకుని పోయారట. కొన్ని నెలలకు రికార్డులు వచ్చాయి. పాడిన పదకొండు మందికీ తలా ఒకటి ఇచ్చారు. రెండో వైపు చివరి పాట అమ్మ ఒక్కతే పాడింది. అయితే ఆ పదకొండు ఇళ్లలో ఒక్కదానిలోనూ రికార్డు వేసే యంత్రం లేదు. పాస్టరుగారింట్లో ఒకసారి మొదటి వైపు విన్నారు. రెండో వైపు తిప్పేసరికి కరెంటు పోయింది. అమ్మ తన పాట తాను వినకుండానే పెళ్లి చేసుకుని వచ్చేసింది. రికార్డు ఆమెతోపాటు ఇనుప పెట్టెలో చీరల అడుగున వచ్చి, అక్కడే నలభై ఏళ్లు ఉండిపోయింది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు నాకు నల్లగొండకు బదిలీ అయింది. సర్కారు దవాఖానలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో నర్సును. చిట్యాలలో ఇల్లు కిరాయికి తీసుకున్నాను. బాపు అప్పటికే పోయాడు కాబట్టి అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. సామాను సర్దుతుంటే పెట్టె అడుగున రికార్డు కనబడింది. అట్ట మూలలు మెత్తబడి, కలరా ఉండల వాసన కొడుతోంది. అమ్మ దాన్ని చూసి, ఇంకా ఉన్నదా అని మాత్రం అంది.

ఆ వారమే ఆన్‌లైన్‌లో ఒక ప్లేయరు తెప్పించాను. సూట్‌కేసులా మూసే రకం, స్పీకర్లు దానిలోనే ఉంటాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మను కూర్చోబెట్టి రెండో వైపు పెట్టాను. మొదటి పాటలు బాగానే వచ్చాయి. అన్నీ గుంపు పాటలు. ఇది ఫలానా వదిన గొంతు, ఇది ఆమె తోటికోడలిది అని అమ్మ ఒక్కొక్కరినీ గుర్తుపడుతూ పోయింది. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. సూది లోపలికి పోతున్నకొద్దీ గొంతుల అంచులు చెదురుతున్నట్టు నాకు అనిపించింది గానీ, అమ్మ ముఖం చూస్తూ పట్టించుకోలేదు.

చివరి పాట మొదలైంది. మొదటి వరుసలోనే ‘విశ్వాసం’ అనే మాట ఉంది. ఆ మాట రాగానే కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్‌మంది. పాటంతా అంతే. స వచ్చినచోట, శ వచ్చినచోట, ష వచ్చినచోట గొంతు చిరిగిపోయింది. మిగతా అక్షరాల దగ్గర మళ్లీ అతుక్కుంది. ఆ చిరుగుల మధ్య ఎవరో పదిహేడేళ్ల పిల్ల హాయిగా పాడుతోందని తెలుస్తూనే ఉంది, కానీ వినడం కష్టంగా ఉంది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది.

“గిది నా గొంతేనా?” అని అడిగింది.

అవునన్నాను.

“గింత గరుకుగ పాడిన్నా? బంద్ చెయ్ బిడ్డా” అని లేచి వంటింట్లోకి పోయింది.

తప్పు యంత్రానిదని నేను వెనకే పోయి చెప్పాను. ఆమె నమ్మలేదు. యంత్రానిదే అయితే ముందటి పాటలు ఎందుకు మంచిగా వచ్చాయని అడిగింది. తర్వాతి ఆదివారం చర్చిలో పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకు తెలిసింది, ఆమె పెదవులు కదిలాయి గానీ గొంతు బయటికి రాలేదు. ఇంట్లో గిన్నెలు తోముతూ పాడుకునే మనిషి అదీ మానేసింది. ఇన్నేళ్లూ జనం తన పాటను మర్యాద కోసం విన్నారని ఆమె మనసులో పడిపోయింది. ఆమెకు సంతోషం కలిగిద్దామని చేసిన పని ఇలా తిరగబడింది.

ఆమె ఇంట్లో లేనప్పుడల్లా ఆ పాట వేసి, తప్పు ఎక్కడో దొరక్కపోతుందా అని వినేదాన్ని. కొన్నాళ్లకు హైదరాబాదులో పాత సామాను దుకాణం నుంచి మంచి ప్లేయరు ఒకటి, రెండు స్పీకర్లు తెచ్చాను. ఎవరో రాసింది చదివి, సూది బరువు ఎంత తగ్గిస్తే రికార్డుకు అంత మంచిదనుకుని వీలైనంత తేలిక చేశాను. చివరి పాట మునుపటికంటే అధ్వాన్నమైంది.

మా వార్డులో పనిచేసే ఆయమ్మది మోత్కూరు. తన ఊళ్లో ఒక మైకుసెట్టు ఆయన ఉన్నాడని, ఒకప్పుడు చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఆయన వేసే రికార్డులే మోగేవని, ఇప్పుడు పెద్దవాడై ఇంట్లోనే పాత ప్లేయర్లు బాగుచేస్తాడని చెప్పింది. ఒక సెలవు రోజు ప్లేయరును దుప్పటిలో చుట్టి, రికార్డును ఒళ్లో పెట్టుకుని, రామన్నపేట మీదుగా పోయే మోత్కూరు బస్సెక్కాను.

ఆయన ఇల్లు అంగడి వెనక సందులో ఉంది. ముందు గోడకు తుప్పు పట్టిన మైకు గొట్టాలు నాలుగు వేలాడుతున్నాయి. అరుగు మీద ఆయన భార్య చేటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. లోపల ఒక పెద్ద చెక్కబల్ల, దాని మీద విప్పిన ప్లేయర్లు, గోడకు రెండు స్పీకర్లు. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. తెల్లటి బనీను, చెవిలో దూది, జేబులో గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం. నేను కాకా అని పిలిచాను. ఆయన తల పక్కకు తిప్పి, ఎడమ చెవి నా వైపు పెట్టి వినడం నా కంటికి వెంటనే పట్టింది. అట్లా వినేవాళ్లు దవాఖానలో రోజూ చూసే మనుషులే కదా.

స, శ దగ్గర గొంతు చిరుగుతోందని చెప్పాను. ఏ పాట దగ్గర అని అడిగాడు. చివరి పాట అన్నాను. రికార్డును అంచులు మాత్రమే పట్టుకుని వెలుగుకు ఎత్తి, అటూ ఇటూ వంచి చూశాడు. నా ప్లేయరు మీదనే పెట్టి, భార్యను పిలిచాడు. ఆమె చేట పక్కన పెట్టి వచ్చి, లోపలికి రాకుండా గడప మీద నిలబడి, తలుపు చెక్కకు తల ఆనించింది. పాట నడుస్తున్నంతసేపు ఆయన స్పీకర్ల వైపు చూడలేదు. ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె కుడిచేయి కొంచెం పైకెత్తి అరచేయి మొత్తం తెరిచింది.

“శానా గీస్తాంది” అంది. “మొదటి పాటల లేకుండె. లోపటికి పోయినకొద్ది ఎక్కువైతాంది.”

నాకు అనుమానం వచ్చింది. అడగొచ్చో లేదో తెలియకపోయినా అడిగేశాను.

“కాకా, మీకు ఇనబడ్తలేదా?”

“పాట ఇనబడ్తది బిడ్డా. స ఇనబడది” అన్నాడు ఆయన. “పదేండ్ల సంది గిట్లనే. పిట్టలు బందైనయి, కుక్కర్ సీటీ బందైంది. స గూడ బందైంది.”

అన్నం తిన్నాననో, వాన పడిందనో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ముప్పై ఏళ్లు మైకు గొట్టాల పక్కన నిలబడ్డ చెవికి సన్నటి శబ్దాలు ముందు పోతాయని నేను చెప్పబోయాను. ఆయనకు అదంతా తెలుసు. దవాఖానకు వస్తే పరీక్ష చేయించి చెవి మిషన్ ఇప్పిస్తానన్నాను. ఒకసారి పెట్టుకుని చూశాడట. “గది పెట్టుకుంటే లోకమంత గీస్తాంది” అన్నాడు. గడప దగ్గర ఆమె నవ్వింది.

స వినబడని మనిషి స ను ఎట్లా బాగుచేస్తాడని నేను లోలోపల బస్సు ఛార్జీలు దండగయ్యాయనేదాకా ఆలోచించుకున్నాను. నా ముఖం చూసి కనిపెట్టాడో ఏమో, బల్ల కింద నుంచి ప్లాస్టిక్ తొట్టి తీసి పని మొదలుపెట్టాడు.

మొదట కడగడం. ఆటోల దుకాణంలో అమ్మే, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లు తొట్టిలో పోసి, చిన్నపిల్లల షాంపూ ఒక చుక్క వేశాడు. మధ్యలో ఉన్న కాగితం తడవకుండా దాని మీద ఒక గుండ్రటి మూత గట్టిగా అదిమిపెట్టి, మెత్తటి కుంచెతో సూది నడిచే గాడి వెంట గుండ్రంగా తిప్పాడు, అడ్డంగా ఒక్కసారి కూడా రుద్దలేదు. నీళ్లు లేత ఎరుపుగా మారాయి. అది మా ఊరి మట్టి. నలభై ఏళ్లు పెట్టెలో ఉన్నా గాడిలో దాక్కునే ఉంది. అలాంటి మట్టిని సూది తొక్కుకుంటూ పోతుంటే మొదట చెడేది స అని చెప్పాడు. నీడలో ఆరబెట్టి మళ్లీ వేశాడు. గడప దగ్గర ఆమె చూపిన అరచేయి సగం ముడుచుకుంది. నాకు కూడా తేడా తెలిసింది.

తర్వాత సూది విప్పి, భూతద్దం పెట్టుకుని చూశాడు. నన్నూ చూడమన్నాడు. నాకేమీ తెలియలేదు. కొన రెండు పక్కలా అరిగిపోయి, గునపం లాగా అయిందట. కొత్తది హైదరాబాదు నుంచి తెప్పించాలి, గుండ్రటి కొన కాదు, కోడిగుడ్డులా కోలగా చెక్కింది కావాలి, అదైతే సన్నటి మలుపుల్లోకి దిగుతుందని కాగితం మీద రాసిచ్చాడు. ఈ రికార్డు ఇంతకుముందు దేని మీద వేశావని అడిగాడు. సూట్‌కేసు ప్లేయరు సంగతి చెప్పాను. ఎన్నిసార్లు వేశావని అడిగాడు.

లెక్కలేనన్ని సార్లు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో అమ్మ లేనప్పుడల్లా వేశానని, తప్పు వెతకడానికేనని చెప్పాను. ఆ రకం ప్లేయర్లలో సూది బరువుగా కూర్చుంటుందని, బరువైన మోటు సూది మెత్తటి గాడిని ఉలిలా చెక్కుతుందని చెప్పాడు. నేను తలవంచుకున్నాను.

“తెల్వక చేసినవ్. పోయిన కాడికి పోయింది, ఉన్నకాడికి సూద్దాం” అన్నాడు.

రెండు వారాల తర్వాత కొత్త సూదితో మళ్లీ పోయాను. ఆ రోజు పొద్దున పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆయన చేసిన పనిని నేను ఇప్పటికీ మా వార్డులో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు చెబుతుంటాను, పని అంటే ఎట్లా ఉంటుందో చెప్పాల్సి వచ్చినప్పుడు.

ముందు బరువు. బంగారం తూచడానికి అవుసలాయన దగ్గర ఉండేలాంటి చిన్న త్రాసు మీద సూదిని దింపి చూసి, నేను మరీ తేలిక చేశానని పట్టుకున్నాడు. తేలికైన సూది గాడిలో నిలబడలేక ఎగిరెగిరి పడుతుందట, పడిన ప్రతిసారీ గోడను కొడుతుందట. మంచి చేస్తున్నాననుకుని నేను చేసిన రెండో తప్పు అది. రెండు గ్రాములకు కొంచెం తక్కువ దగ్గర పెట్టాడు.

తర్వాత, చివరి పాటకే ఈ రోగం ఎందుకు వస్తుందో చెప్పాడు. నేను అడగకుండానే చెప్పాడు.

“వడ్లు తొక్కిచ్చేటప్పుడు ఎడ్లను బంతి కట్టుడు సూసినవా?”

గుంజకు ఎడ్లను వరుసగా కట్టి చుట్టూ తిప్పడం చిన్నప్పుడు చూశానన్నాను.

“గుంజ పొంటి ఉన్న ఎద్దు నిలబడ్డ జాగలనే తిరుగుతది. బయటి ఎద్దు ఉరకాలె. చుట్టు మాత్రం రెండిటికి ఒక్కటే. రికార్డు గూడ గంతే. బయటి పాటకు దారి పొడుగు, అక్షరాలు విడివిడిగ కూసుంటయి. లోపటి పాటకు దారి తక్కువ, అన్ని అక్షరాలు ఇరుక్కోని కూసోవాలె. అండ్ల స అన్నిట్ల సన్నది. సూది జర వంకరున్నా దాని మీదికెల్లి దుంకి పోతది.”

ఇంతకాలం నేను చదివిన దేనిలోనూ నాకు అర్థం కానిది ఆ రెండు ఎడ్లతో అర్థమైంది. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా దొరికింది.

వంకర తీయడానికి ఆయన దగ్గర పరికరం ఒక పెళ్లి పత్రిక. దాని వెనక తెల్లటి వైపు పెన్సిలుతో సన్నటి గీతలు గళ్లుగళ్లుగా గీసి, మధ్యలో రంధ్రం పెట్టి, రికార్డు పెట్టే చోట పెట్టాడు. సూదిని ఆ గీతల మీద దింపి, సూది ఉన్న చిన్న డబ్బా పక్కలు గీతలకు సమంగా ఉన్నాయా లేదా అని కింద అద్దం ముక్క పెట్టి చూస్తాడు. లేకపోతే రెండు మరలు వదులు చేసి వెంట్రుకవాసి జరుపుతాడు, మళ్లీ చూస్తాడు. ఎన్నిసార్లు జరిపాడో చెప్పలేను. ఏం చేయాలో ముందే ఆలోచించుకున్నట్టు ఆ చేతులు కదిలాయి. వయసుకు వచ్చే వణుకు ఆయనకూ ఉంది. స్క్రూడ్రైవరు పట్టుకునేటప్పుడు చిటికెనవేలు బల్లకు ఆనించగానే అది ఆగిపోయేది.

మధ్యలో ఆగి, నాకు ఏ పాట కావాలని అడిగాడు. అర్థం కాలేదు. సూదిని మోసే చెయ్యి ఒక మూల పాతుకుని తిరుగుతుంది కాబట్టి, రికార్డు మీద రెండే రెండు చోట్ల అది గాడికి పూర్తిగా సరిగ్గా నిలుస్తుందట. మిగతా అంతటా ఎంతోకొంత వంకరే. అన్ని పాటలూ సమంగా కావాలంటే ఒకరకంగా బిగిస్తాడు. చివరి పాటే ముఖ్యమైతే ఆ చోటును లోపలికి జరుపుతాడు, అప్పుడు నడిమి పాటలకు కొంచెం నష్టం. చివరి పాట అన్నాను. ఎవరిదని అడిగితే అప్పుడు చెప్పాను, అది మా అమ్మ గొంతని. అప్పటిదాకా చెప్పలేదు. ఆయన పత్రిక మీద ఇంకో గీత గీశాడు.

ఆ తర్వాతి గంట అంతా వాళ్లిద్దరిదే. ఆయన సరిచేస్తాడు, పాట పెడతాడు, ఆమె వైపు చూస్తాడు. ఆమె చెయ్యి ఎత్తుతుంది. అరచేయి నుంచి నాలుగు వేళ్లకు, నాలుగు నుంచి రెండుకు వచ్చింది. ఒక్కో వేలుకు ఎంత అర్థమో వాళ్లకే తెలుసు. పెళ్లిళ్ల గోలలో మాట వినబడక మొదలుపెట్టిన సైగలట. ఆయన చెట్టెక్కి గొట్టం తిప్పుతుంటే ఆమె పందిట్లో నిలబడి చూపేదట. ఒకసారి ఆమె కుడి చెవి పట్టుకుని చూపింది. కుడి స్పీకరులోనే ఇంకా గీస్తోందని. తిరిగే రికార్డు సూదిని ఎప్పుడూ లోపలికి లాగుతుందని, ఆ లాగుడుకు గాడి బయటి గోడ మీద సూది పట్టు తప్పుతుందని, కుడి స్పీకరు పాట ఆ గోడ మీదనే ఉంటుందని నాకు చెబుతూ, సూదిని మోసే చెయ్యిని బయటికి లాగి పట్టే చిన్న చక్రం ఒకటి కొంచెం తిప్పాడు. ఆమె చెవి వదిలేసింది.

చివరికి ఒక్క చిటికెనవేలు మిగిలింది. ఆయన ఇంకోసారి సరిచేయబోయాడు. ఆమె వద్దని చెయ్యి ఊపి, మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చి, పాట మళ్లీ వేయించుకుంది. స్పీకరు ముందు గొంతుక్కూర్చుని కళ్లు మూసుకుని వింది.

“గా సంతోషం అన్నకాడ మాత్రం సూది కొరికింది, గది పోదు” అంది ఆమె. “మిగిలింది నీ సూదిది గాదు. మనిషిది. గీ పిల్లకు ముందటి పన్ను సగం లేదు.”

నా చిన్నతనమంతా అమ్మకు ముందు పన్ను సగమే ఉండేది. నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేను ఉద్యోగంలో చేరాక కట్టుడు పళ్లు పెట్టించాను, ఆ తర్వాత మరిచేపోయాను. ఆ పన్ను ఎప్పుడు విరిగిందో నేను ఎన్నడూ అడగలేదు. ఈ మోత్కూరామె మా అమ్మను ఎన్నడూ చూడలేదు, పేరు కూడా తెలియదు.

ఎట్లా తెలిసిందని అడిగాను. తెలియకపోవడానికి ఏముందన్నట్టు చూసింది. ఆమె పుట్టింట్లో గొర్లమంద ఉండేదట. వందల్లో ఏ పిల్ల అరిచిందో అటు చూడకుండానే చెప్పేవాళ్లట. మూతికి దెబ్బ తగిలిన పిల్ల అరుపు వేరుగా ఉంటుందట. సూది తప్పైతే ఒక్కోచోట ఒక్కోలా ఉంటుందని, ఇక్కడ మాత్రం ప్రతి స దగ్గరా ఒకే తీరుగా సన్నటి ఈల ఉందని, అది నోట్లోంచి వచ్చిందేనని చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, ఇంతకాలం బాగుచేసింది తానే అని జనం అనుకుంటారని నవ్వుతూ అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి ప్లేయరును జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. ఆయన చెప్పినట్టే మట్టం సమంగా ఉందో లేదో చూసి, బల్ల కాలి కింద అట్టముక్క పెట్టాను. అమ్మ వినను అంది. పాట కోసం కాదు, ఒక సంగతి అడగాలని చెప్పాను. ముందు పన్ను ఎప్పుడు విరిగిందని అడిగాను.

ఆ పాటలు రికార్డు చేసిన ఏడాదే, అంతకు కొంచెం ముందు, చేన్లో పల్లికాయ మూట నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతుంటే పడి విరిగిందట. ఎందుకు అడుగుతున్నావంది. మోత్కూరులో జరిగింది చెప్పాను. ఆమె ప్లేయరు ముందుకు వచ్చి కూర్చుని, పాట వెయ్యి అంది.

పాట వచ్చింది. ‘విశ్వాసం’ అనే మాట చిరగలేదు. గొంతు మొదటి నుంచి చివరిదాకా ఒకే గుడ్డలా వచ్చింది, సంతోషం అన్నచోట మాత్రం చిన్న గీత. ప్రతి స వెనకా సన్నగా ఈల. విరిగిన పంటి సందులోంచి పోయిన గాలి. ఆ గొంతు నాకు తెలిసిన అమ్మ గొంతుకంటే పల్చన, కానీ రాగం తీసే తీరు అదే, ఊపిరి ఆపే చోటు అదే. ఇంత బాగా పాడే మనిషి ఇంట్లోనే పుట్టి పెరిగానని నాకు అప్పుడు తెలిసింది.

అమ్మ నాలుకతో కట్టుడు పళ్ల లోపల ఏదో తడుముకుంటోంది. “నా పన్నే” అంది. తర్వాత చాలా మెల్లగా ఇంకో మాట చెప్పింది. రికార్డు చేసిన రోజు రెండుసార్లు పాడాక, మైకు పెట్టినాయన వచ్చి ఆమె గడ్డం పట్టుకుని ముఖం పక్కకు, కిటికీ వైపు తిప్పాడట. మిగతా ఎవరినీ అట్లా తిప్పలేదట. అందరూ చూస్తుండగా గోనెసంచి వైపు తిరిగి పాట అంతా పాడిందట.

“నా మొకం నచ్చలేదేమో అనుకున్న బిడ్డా. పన్ను ఇరిగిన మొకమాయె.”

నలభై ఏళ్లు ఆ మాట ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఆ ఈల విన్నామెను ఒకసారి చూడాలని అమ్మే అంది.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం మోత్కూరు పోయాం. అమ్మ జొన్న రొట్టెలు, నంజుకోను పల్లికాయ తొక్కు కట్టుకొచ్చింది. ఇద్దరు ఆడవాళ్లూ అరుగు మీద కూర్చుని, ఒకరి ఊరు ఒకరు అడిగి, పంటల మీదికి, మోకాళ్ల నొప్పుల మీదికి పోయారు. పాట మాట ఎవరూ ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక లోపల బల్ల దగ్గరున్న ఆయనకు, పాట రికార్డు చేసినాయన అమ్మ ముఖం తిప్పిన సంగతి, ఎడమ చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టి అరుగు మీదికి వచ్చాడు. అమ్మ ముందు కూర్చున్నాడు.

“చెల్లే, గాయన మంచి పనిమంతుడు” అన్నాడు. “పంటి సందుల గాలి నేరుగ మైకుల కొడితే స పగుల్తది. మొకం జర తిప్పితే గాలి పక్కకెల్లి పోతది, గొంతు మైకుల పడ్తది. నీ పాట ఒక్కదాని కోసం గంత సేపు నిలబడ్డడు. ఖరాబుగ పాడితే ఇంకొకల్లతోని పాడిచ్చెటోడు గద.”

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఓదార్పు కోసం చెబుతున్నాడా, నిజమే చెబుతున్నాడా అని చూసినట్టు నాకు అనిపించింది. ఆయన తన ముఖాన్ని అటూ ఇటూ తిప్పి, అరచేయి నోటి ముందు పెట్టుకుని, స అంటూ గాలి ఎటు పోతుందో చూపించాడు. తనకు వినబడని అక్షరం అది. అమ్మ కూడా అరచేయి పెట్టుకుని స అని చూసుకుంది. ముఖం తిప్పి మళ్లీ చూసుకుంది. గాలి తగలలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు నిండాయి గానీ నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

ఎవరూ అడగలేదు. కాసేపటికి ఆమే పాడింది. కూర్చున్నచోటనే, పక్కనున్న చేటలోని చింతగింజలు వేళ్లతో అటూ ఇటూ జరుపుతూ, ఆ చివరి పాటే. గొంతు బరువెక్కింది, పైకి పోవాల్సిన చోట కిందనే ఆగింది, అయినా ఎక్కడా తడబడలేదు. సందులో సైకిల్ మీద పోతున్న ఒకాయన కాలు కింద పెట్టి నిలబడ్డాడు. మైకుసెట్టాయన గోడకు ఆనుకుని, అమ్మ పెదవుల వైపు కన్నార్పకుండా చూశాడు.

పాట అయిపోయాక ఆయన భార్య ఆయన పక్కకు జరిగి, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఈల లేదని, కట్టుడు పళ్లు కదా, స మెత్తగా దూదిలా పడుతోందని, రెండో చరణంలో ఊపిరి అందక ఒక మాట మింగిందని, అయినా అది మింగినట్టు తెలియకుండా రాగం తీసిందని. ఆయన తల ఊపుతూ, మధ్యలో ఏదో అడుగుతూ, ఆమె చెప్పిందంతా పూర్తిగా విన్నాడు. అమ్మ రొట్టెల మూట విప్పింది.